పలుకవేంది కొమురెల్లి

తాను చచ్చిపోయిన సంగతి పోశానికి చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండగా తెలిసింది.

చెప్పింది ఆయన భార్యే. నాలుగిళ్ల అవతల క్వార్టర్‌లో పెళ్లి ఉంటే పొద్దున్నే పసుపు దంచడానికి వెళ్లిన ఐలవ్వ, చేతులకు అంటిన పసుపు కూడా కడుక్కోకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. మొహం చూస్తే పసుపు కాదు, మిరపకాయలు దంచి వచ్చినట్టుంది.

"ఏమయ్యో, నువ్వు సచ్చిపోయినవట. ఎరుకేనా?"

"ఎప్పుడు?" అన్నాడు పోశం. ఏ మాటకైనా ముందు వివరం అడిగే మనిషి ఆయన.

"ముప్పయ్యేడేండ్లాయెనట. బొగ్గుబాయిల బండ కూలి మీద వడ్డదట. నేను బాయి మొకాన నిలవడి, గుండెలు బాదుకుంట నిన్ను పేరువెట్టి పిలిచిన్నట. నువ్వు పాడిన పాటనే ఏడుపు చేసుకున్ననట. డీజేల నీ పాట పెట్టంగనే పెండ్లిపిల్ల మేనత్త ఉరికొచ్చి ఆపిచ్చింది. సచ్చినోని పాట పసుపుకాడ పెట్టద్దట! నొసట ఇంత బొట్టు ఉండంగనే నన్ను ముండమోపిని చేసిండ్రు గదయ్యా!"

పోశం చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

గోదావరిఖనిలో ఆ పాట తెలియనివాళ్లు లేరు. అటు రామగుండం నుంచి ఇటు గోదావరి దాటి జైపూర్ దాకా, ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ పాట లేకుండా పెళ్లి జరగలేదు, ఆటో నడవలేదు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చినా, సీడీలు పోయి ఫోన్లు వచ్చినా అది మాత్రం పోలేదు.

*పలుకు పలుకు కొమురెల్లి, పలుకవేంది కొమురెల్లి*
*గుట్ట పలికె, వాగు పలికె, గూటిలున్న పిట్ట పలికె*
*పక్కనున్న నీవు మాత్రం పలుకవేంది కొమురెల్లి*

మొగుడి మీద అలిగిన భార్య పాట అని అందరూ అనుకునేవాళ్లు. అలక తీరాలని పెళ్లిళ్లలో పాడేవాళ్లు. ఇప్పుడు ఎవరో దాన్ని చావుపాట చేశారు.

ఆ ఎవరో ఎవరన్నది ఐలవ్వ ఫోనులో చూపించింది. లక్ష్మీనగర్‌లో ఫోన్లు బాగుచేసే సుమైరా. పాత పాటల వెనుక కథలు చెబుతూ ఆ పిల్ల ఒక ఛానల్ నడుపుతుంది. వీడియోలో ఆమె గొంతు మెత్తగా, తడితడిగా ఉంది. ఏదో పాత ఆఫీసు గోడ మీద దండ వేసి ఉన్న ఒక కొమురెల్లి ఫోటో చూపించి, ఈ పాట పాడింది ఈయనే అని చెప్పింది. ఆ ఫోటోలోని మనిషి ఎవరో, పాపం, బాయిలో పోయింది నిజమే కావచ్చు. కానీ ఆ చుట్టుపక్కల కొమురెల్లి అనే పేరు వీధికి ముగ్గురికి ఉంటుంది. పోశం పనిచేసిన బాయిలోనే నలుగురుండేవాళ్లు.

నిజం చెప్పాలంటే, వీడియో చూడగానే పోశానికి మొదట కలిగింది నిశ్చింతే. చచ్చినవాణ్ని ఎవరూ వెతుక్కుంటూ రారు కదా! ఆ వెనకే మరోటి గుర్తొచ్చింది. చచ్చినవాడి పాటను ఎవరూ పెళ్లిలో పాడరు. ఏడాది తిరిగేసరికి ఆ పాట కూడా దండ వేసుకుని గోడకెక్కుతుంది.

"నేను బతికే ఉన్న అని పోయి చెప్పరాదయ్యా? ఒక్క మాట!" అంది ఐలవ్వ.

"చెప్తే మల్ల పేరడుగుతరు," అన్నాడు పోశం.

పేరు దగ్గరే ఉంది చిక్కంతా. ఎందుకంటే పోశం కొమురెల్లి కాదు. అసలు కొమురెల్లి కమాన్‌పూర్ దగ్గర పల్లెలో ఇప్పటికీ నిక్షేపంగా పత్తి పండిస్తున్నాడు. ఇద్దరూ చిన్ననాటి దోస్తులు. నలభై నాలుగేళ్ల కింద బొగ్గుబాయిలో పనికి పిలుపు కాగితం వచ్చింది కొమురెల్లికి. వచ్చిన నాడు ఊరంతా మిఠాయి తిన్నది. దిగిన నాడు మాత్రం కొమురెల్లి వంద అడుగులు కూడా పోలేదు. నెత్తిన దీపం, ముందు చీకటి చూసి, "గిది బొందరా! బతికుండంగనే బొందల దిగుమంటున్నరు!" అని వెనక్కి తిరిగి, ఊరొచ్చేదాకా ఉరికాడు. ఆ సాయంత్రమే కాగితం తెచ్చి పోశం చేతిలో పెట్టాడు. "నీకు భయం లేదు గద, నువ్వు పో."

ఒకరి కాగితం మీద ఇంకొకరు దిగడం ఆ రోజుల్లో బొగ్గుబాయి మీద వింతేం కాదు. మారుపేరు అని దానికో పేరు కూడా ఉండేది. పంతొమ్మిదేళ్ల పోశానికి భూమి లేదు, భయమూ లేదు. మర్నాడు దిగాడు.

భయం లేదు గానీ బుర్రకు ఒక సంగతి ఎక్కలేదు. బాయి మీద మస్టర్ గుమాస్తా పేర్లు చదువుతాడు. "కొమురెల్లి!" అన్నాడు. పోశం పక్కవాళ్లతో పాటు తానూ కొమురెల్లి కోసం వెతికాడు. పిలిచింది తననే అని తట్టేసరికి గుమాస్తా పేజీ తిప్పేశాడు. మొదటి రోజు గైరుహాజరు. రెండో రోజూ అదే. మూడో రోజు కూడా అదే అయ్యేసరికి గుమాస్తా కళ్లద్దాలు పైకి తోసి, "ఏందిరా, నీ పేరు నీకే ఎరుకలేదా? రేపు పలుకకపోతే ఇంటికి పోతవు," అన్నాడు.

ఇంటికి వెళితే తిండి లేదు. అందుకని ఆ సాయంత్రం ఊరికి నడుస్తూ పోశం తనను తానే పిలుచుకున్నాడు. "కొమురెల్లి!" అని అరవడం, "ఓయ్" అని తానే పలకడం. గుట్ట దగ్గర అరిస్తే గుట్ట మారుపలికింది. వాగు చప్పుడు చేసింది. అరుపు అరుపు కలిసి వరసైంది, వరసకు మాట తగిలింది. తెల్లారి మళ్లీ అదే పాడుకుంటూ బాయికి పోయాడు. నాలుగో రోజు గుమాస్తా పేరు చదవకముందే పలికాడు.

భార్య అలకా కాదు, చావూ కాదు. పరాయి పేరుకు అలవాటు పడలేక అవస్థపడ్డ ఒక పిల్లవాడి అరుపు అది. అదీ ఆ పాట పుట్టుక.

తర్వాత ఆరేళ్లకు, చెడిపోయిన రేడియో తీసుకుని అస్గర్ క్యాసెట్ల దుకాణానికి వెళ్లి, అది బాగయ్యేదాకా కూర్చుని కూనిరాగం తీస్తుంటే అస్గర్ పని ఆపేసి విన్నాడు. వెనక గదిలో గోడలకు కంబళ్లు కట్టి, ఒక ఢోలక్ ఆయన్ని పిలిచి పాడించాడు. పోశం ఒక్కటే షరతు పెట్టాడు, ఫోటో వద్దని. క్యాసెట్ మీద కొమురెల్లి అని మాత్రం పడింది. ఎవరన్నా అడిగితే, "గా కొమురెల్లి వేరే," అనేవాడు. ఇంటి గడప దాటి మళ్లీ ఎప్పుడూ పాడలేదు. అస్గర్ కూడా పోయి నాలుగేళ్లయింది. ఆ సుమైరా ఆయన కూతురే.

ఇన్నేళ్లూ దాచినవాడు ఇప్పుడు దాచడానికి ఇంకో కారణం ఉంది. ఆరేళ్ల కింద ఊపిరి ఆడక, కంపెనీ డాక్టర్ల లెక్కలో పోశం పనికి అన్‌ఫిట్ అయ్యాడు. కంపెనీ పద్ధతి ప్రకారం ఆ ఉద్యోగం ఒక్కగానొక్క బిడ్డ రమకు రావాలి. ఆర్డరు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఆ ఎనిమిది నెలలూ పోశానికి ముద్ద దిగలేదు. బడిలో చేర్పించిన నాటి నుంచి రమ కాగితాల్లో తండ్రి పేరు కొమురెల్లే. అయినా గిట్టనివాడెవడన్నా ఒక్క అర్జీ పెడితే చాలు. అందుకే అర్జీ రాసే రోజున బిడ్డ చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని, "నా అసలు పేరు ఆ ఆఫీసుల ఎవలకూ చెప్పనని నా తలమీద ఒట్టెయ్యి," అన్నాడు. రమ వేసింది. ఇప్పుడు ఏరియా వర్క్‌షాప్‌లో పనిచేస్తుంది. ఈ క్వార్టర్ ఆమె పేరు మీదే ఉంది.

తాను కెమెరా ముందు నిలబడి కొమురెల్లినని చెబితే, కమాన్‌పూర్ వైపు ఊరంతా, "అరె, గీడు మన పోశం గదా!" అంటుంది. ఊరి నోరు మూయించే మూకుడు ఇంతవరకు ఎవరూ చేయలేదు. పాట బతకాలంటే బిడ్డ బువ్వ పోయేటట్టుంది.

ఈ లెక్క ఐలవ్వకూ తెలుసు. కానీ బొట్టు మీద చెయ్యి పడితే ఆడదానికి లెక్కలు గుర్తుండవు. "నువ్వు రాకుంటే మానె, నేనే పోత," అని చెంగు దోపుకుని ఆటో ఎక్కింది. పోశం చిక్కుడుకాయలు అక్కడే వదిలేసి, ఆమె నోరు ఆపడానికైనా ఉండాలని పక్కనే ఎక్కాడు.

దుకాణంలో సుమైరా కంటికి భూతద్దం పెట్టుకుని ఒక ఫోను పొట్ట విప్పి చూస్తోంది.

"బిడ్డా, నా మొగన్ని సంపింది నువ్వేనా?" అంది ఐలవ్వ.

సుమైరా భూతద్దం తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎవరమ్మా? ఏ కేసు?"

"కేసు కాదు, పాట! గా కొమురెల్లి పాట నా మొగనిది. గీయినె పాడిండు. గిట్లనే బతికున్నడు, పొద్దుగాల రెండు ఉప్పిండి ముద్దలు తిన్నడు. పెండ్లాం పేరువెట్టి పిలిచిందని చెప్పినవే, ఏ ఆడిది కట్టుకున్నోన్ని పేరువెట్టి పిలుస్తదే? ఏడిసినా పిలువది, తిట్టినా పిలువది. గా మాత్రం ఎరుకలేదా నీకు?"

సుమైరా మొహంలో రంగు మారింది. మొండిపిల్ల అయితే వాదించేది. ఈమె ఆలోచించింది. "నిజమే గదా," అంది నెమ్మదిగా. "మా అమ్మీ నుస్రత్ బేగం కూడా మా అబ్బాను ఎన్నడూ పేరుతోని పిలువలే. నాకు గది తట్టలే." తర్వాత పోశం వైపు తిరిగి, "చాచా, ఒక్క లైను పాడుతవా?" అంది.

పోశం వద్దనే అనుకున్నాడు. కానీ ఆ దుకాణం వెనక గది తలుపు సగం తెరిచి ఉంది, గోడకు ఆ పాత కంబళ్ల మేకులు ఇంకా కనబడుతున్నాయి. ముప్పై ఎనిమిదేళ్లుగా గడప దాటని గొంతు దానంతటదే లేచింది. ఎడమ చెవి చేత్తో మూసుకుని, గుట్ట పలికె, వాగు పలికె అన్నాడు. ఊపిరి చాలక పిట్ట దగ్గర ఆగిపోయాడు.

సుమైరా కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అబ్బా చెప్పేటోడు. గా పాట పాడినాయన ఎడమ చెవి మూసుకుంటడని, గట్ల పాడెటోన్ని ఇంకొకన్ని సూడలేదని. మాఫ్ చెయ్యి చాచా. ఫోటో దొరికింది, కథ కుదిరింది, అంతే అని చెప్పేసిన. ఆ వీడియో ఇప్పుడే తీసేస్త. కాని తీసేస్తే సాలదు, లక్షమంది సూసిండ్రు. ఆదివారం పొద్దున లైవ్ పెడత. నువ్వొచ్చి అసలు ముచ్చట చెప్పు." కాగితం, పెన్ను తీసింది. "పూరా పేరు ఏంది చాచా?"

"పేరెందుకు బిడ్డా," అని గొణిగి పోశం మెట్లు దిగాడు.

సుమైరా ఐలవ్వ వైపు చూసింది. "మొగని పేరు నా నోటితోని చెప్పిస్తవా?" అని ఆమె కసిరింది. "పేరు సంగతి తరువాత. ఆదివారం వస్తం."

ఇంటికి వచ్చాక భార్యాభర్తలు ఎంత పోట్లాడుకున్నారంటే, ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన రమకు వీధి మొదట్లోనే సగం కథ వినబడింది. మిగతా సగం లోపలికి వచ్చి విన్నది. చెప్పులు విప్పి, మంచినీళ్లు తాగి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"బాపూ, నేనొకటి చెప్త. కోపం చెయ్యకు. ముందుగాల నీ తల పట్టుకొని సూసుకో."

"ఎందుకే?"

"ఉన్నదా?"

పోశం అయోమయంగా నెత్తి తడుముకున్నాడు. "ఉన్నది."

"ఆరేండ్ల కిందనే నీ తలమీద ఒట్టు తప్పిన."

రమ లేచి బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి, అందులోంచి ఒక కాగితం తీసి తండ్రి ఒళ్లో పెట్టింది. ఉద్యోగం ఆర్డరు. పోశం ఎన్నడూ అది చదవలేదు. వచ్చిన రోజున దేవుడి పటం ముందు పెట్టి మొక్కాడంతే. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాడు. కొమురెల్లి అలియాస్ పోశం. కూతురు, రమ.

వేలు పోశం అన్న పేరు మీద ఆగిపోయింది.

"అర్జీ పెట్టిన్నాడే రెండు పేర్లూ రాసిచ్చిన," అంది రమ. "ఎంక్వైరీ ఐంది. ఎనిమిది నెలలు లేటైంది గందుకే, మెడికల్ ఫైలు ఆగిందని నీకు అబద్ధం చెప్పిన. కొమురెల్లి కాక వచ్చి, బొందకు భయపడి ఉరికింది నేను సారూ, దిగి బొగ్గు తీసింది గా పోశం, అని సంతకం పెట్టిండు. సార్లు నవ్విండ్రట."

"వాడు నాతోని ఒక్క మాట అననే లేదు!"

"నేనే ఒట్టేయించుకున్న. నీ తలమీదనే."

పోశం తల మీద ఎంతమంది ఎన్ని ఒట్లు మోపారో ఆ తలకే తెలియదు. "మరి నాకెందుకు చెప్పకపోతివే?" అన్నాడు.

"నీ తలమీద ఒట్టు తప్పిన్నని నీకే ఎట్ల చెప్పుదు? ఏదన్న జరుగుతదేమోనని ఆరేండ్లు నాకు భయం. నీకు దగ్గొస్తె నాకు గుండె దడ." రమ కూడా ఏడుస్తోంది. "కాని బాపూ, నీ లెక్క ఎనకకు సూసుకుంట సూసుకుంట నేను నౌకరి చెయ్యలేను. రేపు నా బిడ్డలకు తాత పేరేందంటే ఏం చెప్పాలె?"

కోపం రావాలి కదా అని పోశం కొంచెంసేపు ఎదురుచూశాడు. రాలేదు. నలభై నాలుగేళ్లుగా వీపు మీద మోసిన బండ ఎవరో ఆరేళ్ల కిందే దింపేశారని, తాను ఉత్త వీపును వంచుకుని తిరుగుతున్నాడని అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి దగ్గు వచ్చింది. రమ హడలిపోయి నీళ్లు తెచ్చింది. "ఉత్త దగ్గేనే, ఒట్టు దగ్గు కాదు," అన్నాడు పోశం. అప్పుడు ముగ్గురూ నవ్వారు. ఆ పూట చిక్కుడుకాయ కూర మాడిపోయింది. మాడిన కూరనే పోశం రెండుసార్లు వేయించుకుని తిన్నాడు.

ఆదివారం పొద్దున సుమైరా దుకాణం ముందు కుర్చీలు వేశారు. యాభై మంది వస్తారనుకుంటే వీధి నిండిపోయింది. పసుపు దగ్గర పాట ఆపించిన మేనత్త ముందువరసలో కూర్చుంది, తప్పు చేశానని కాదు, అసలు సంగతి అందరికంటే ముందు తనకు తెలియాలని. కమాన్‌పూర్ నుంచి కొమురెల్లి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పోశాన్ని చూడగానే, "నా పేరుకు నువ్వు గంత పేరు తెచ్చినవురా. మా ఊర్లె అందరు నన్నే పాడుమంటరు. పాడితే కుక్కలు మొరుగుతయి," అన్నాడు. పోశం అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మొదట సుమైరా మైకు ముందుకు వచ్చి, బతికున్న మనిషికి దండ వేశానని అందరి ముందూ తప్పు ఒప్పుకుంది. తర్వాత కొమురెల్లి తాను ఉరికిన కథ చెప్పాడు. ఏ అడుగు దగ్గర చెప్పు ఊడిందో కూడా చెప్పేసరికి జనం పొట్టలు పట్టుకున్నారు. మస్టర్ గుమాస్తా సంగతి, గుట్ట దగ్గర అరుపుల సంగతి రమ చెప్పింది. చావుపాట కాదని తెలియగానే ముందువరసలో మేనత్త, "నేను అప్పుడే అనుకున్న," అంది.

"ఇగ, ఆ పాట కట్టి పాడినాయన మీ ముందుకు వస్తడు," అంది సుమైరా. "పోశం!"

జనం చప్పట్లు కొట్టారు. పోశం కూడా కొట్టాడు.

"పోశం చాచా!" అని సుమైరా మళ్లీ పిలిచింది. ఆయన మెడ తిప్పి వెనక వరసల్లోకి చూశాడు, ఎవరు లేస్తారా అని. తల్లి పోయాక ఆ పేరుతో ఆయన్ని నలుగురిలో ఎవరూ పిలవలేదు. బాయిలో కొమురెల్లి. ఇంట్లో బాపు. భార్యకు ఏమయ్యో. మైకులోంచి వచ్చిన ఆ రెండక్షరాలు తనవని ఆయనకు తట్టనే లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. రమ లేవబోయింది.

అంతకంటే ముందు ఐలవ్వ లేచింది. నలభై ఏళ్ల కాపురంలో ఒక్కసారి కూడా నోట పలకని పేరు అది. రేషన్ దుకాణంలో అడిగితే మొగుడికి కార్డు మీదున్న పేరు కూడా పక్కనున్న బిడ్డ చేత చెప్పించేదే తప్ప తాను చెప్పేది కాదు. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. మొహం ఎర్రబడింది.

"పోశం!" అంది, వీధంతా వినేటట్టు. "నిన్నేనయ్యా. పలుకవేంది, పోశం?"

పోశం ఆమె వైపు తిరిగాడు. పొద్దుటి ఎండలో ఆమె బొట్టు మెరుస్తోంది.

"ఓయ్," అని లేచి నిలబడ్డాడు.